‘ఎన్ని గోల్స్ కొట్టావు?’ అని అడిగే అమ్మానాన్నలకి

మా చిన్నవాడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో డిఫెండరు. అంటే గోల్‌కీపరు ముందు నిలబడి, ఎదుటివాళ్ళు తెచ్చే బంతిని ఆపడమే వాడి పని. పోయిన నెల ఒక మ్యాచ్‌లో పక్క నుంచి నేలబారుగా వచ్చిన బంతిని ఆపబోతే, అది వాడి కాలికి తగిలి సొంత గోల్‌లోకే వెళ్ళిపోయింది. ఒకటి సున్నాతో ఓడిపోయారు. రాత్రి అయ్యేసరికి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో వాడి ఫోటో పెట్టి, ‘ఎదుటి జట్టులో బెస్ట్ ప్లేయర్’ అని రాశారు. కింద ముప్పయ్యో నలభయ్యో నవ్వు బొమ్మలు. అందులో ఒకటి మా ఆయనది.

ఆ నవ్వు బొమ్మ మీదే ఈ పోస్టు.

మా ఆయన చెడ్డవారు కాదు. అడిగితే, “అందరూ నవ్వుతుంటే నేనూ నొక్కానే, అంతదానికేముంది?” అన్నారు. ఉంది. వాడు మూడు వారాల నుంచి ఆ బూట్లు గూట్లోంచి తియ్యలేదు.

ఆటల గొడవ మన ఆడవాళ్ళకెందుకు అనుకోకండి. నాకూ ఫుట్‌బాల్ నియమాలన్నీ తెలియవు. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. సొంత గోల్ ఎవరి కాలికి తగిలి పడుతుంది? ఎక్కువగా, గండి పడే చోటికి పరిగెత్తిన వాడి కాలికే. వాడి వెనకాల ఎదుటి జట్టు కుర్రాడు కాచుకుని ఉన్నాడు. మావాడు కాలు పెట్టకపోతే ఆ కుర్రాడు కొట్టేసేవాడు. మావాడు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడి ఉంటే గోల్ ఎలాగూ పడేది, కానీ పేరు మాత్రం చెడేది కాదు. ప్రయత్నించినందుకు పడిన మచ్చ అది.

ఇదే మాట నాకు ఐదారేళ్ళ క్రితం తట్టి ఉండాల్సింది. 2021 జనవరి 11, భోగికి రెండు రోజుల ముందు. పర్చూరు దగ్గర మా ఊళ్ళో మొదటి కోత మిరపకాయలు కళ్ళంలో ఎండుతున్నాయి. ఇంట్లో మగవాళ్ళంతా పొద్దున ఐదింటి నుంచి టీవీ ముందే. సిడ్నీలో ఆస్ట్రేలియాతో టెస్టు మ్యాచ్ చివరి రోజు. మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి ఆడుతున్నాడు. ఆడుతున్నాడు అంటే, పరుగులు తియ్యడం లేదు, బంతిని ఆపుతున్నాడు. నేను టీ పట్టుకుని వెళ్ళేసరికి మా బావగారు, “వీడు ఆడతన్నాడా, గోడకి సున్నం వేస్తన్నాడా?” అని విసుక్కుంటున్నారు. అందరితో పాటు నేనూ నవ్వాను.

అప్పటికే అతని తొడ వెనక కండరం పట్టేసింది. పరిగెత్తలేడు. గెలవాలంటే 407 కొట్టాలి, ఐదు వికెట్లు పోయాయి. అవతలి వైపు అశ్విన్, అతనికి నడుం నొప్పి. ఇద్దరూ కలిసి నలభై రెండు ఓవర్లకు పైగా వికెట్ పడకుండా నిలిచారు. విహారి 161 బంతులాడి 23 పరుగులు. మ్యాచ్ డ్రా అయింది. ఆ రోజు ఓడిపోయి ఉంటే, వారం తర్వాత బ్రిస్బేన్‌లో గెలిచినా సిరీస్ సమం అయ్యేదే తప్ప మనది అయ్యేది కాదు. 2-1తో గెలిచామని దేశమంతా పండగ చేసుకుంది. ఆ బ్రిస్బేన్ మ్యాచ్ ఆడటానికి విహారికి కాలు సహకరించలేదు.

అతను ఇంకా క్రీజులో ఉండగానే అప్పటి కేంద్ర సహాయ మంత్రి బాబుల్ సుప్రియో ట్విట్టర్‌లో విరుచుకుపడ్డారు. 109 బంతులకు 7 పరుగులేంటి, ఇది క్రికెట్‌ని హత్య చెయ్యడమే అన్నట్టు రాశారు. తనకు క్రికెట్ గురించి ఏమీ తెలియదని చివర్లో తనే ఒప్పుకున్నారు కూడా! విహారి పేరు ‘బిహారి’ అని తప్పు రాశారు. విహారి వాదించలేదు. పేరు మాత్రం సరిచేసి ఊరుకున్నాడు. ఎంత చదువుకున్నా ఇంత సంస్కారంగా చెంప మీద కొట్టడం నాకు చేతకాదు.

ఆ మంత్రిగారిని ఎత్తిపొడవడం తేలిక. కానీ ఆ పొద్దున మా వసారాలో అన్న మాటలు అంతకంటే గొప్పగా ఏమున్నాయి? కొట్టినవాడి లెక్క కాగితం మీద ఉంటుంది. ఆపినవాడి లెక్క ఎక్కడా ఉండదు. పడని గోల్‌ని, పడని వికెట్‌ని ఏ పుస్తకంలో రాస్తారు? ఫుట్‌బాల్‌లో ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడికి ఇచ్చే బాలన్ డోర్ బహుమతి 1956 నుంచి ఉంది. గోల్‌కీపర్లని పక్కన పెడితే, డిఫెండర్లుగా దాన్ని అందుకున్న మగవాళ్ళు ముగ్గురే. బెకెన్‌బాయర్, సామర్, కన్నవారో. మిగిలిన ఏళ్ళలో ఎవరూ గోల్స్ ఆపలేదా?

మన చేలనే చూడండి. మిరప చేను చుట్టూ రెండు మూడు వరసలు జొన్న వేస్తారు, పురుగు లోపలికి రాకుండా. పంట చేతికొచ్చాక గుంటూరు యార్డుకి ఎన్ని టిక్కీలు వెళ్ళాయో లెక్క చెప్పుకుంటాం. ఆ జొన్న వరస సంగతి ఎవరూ ఎత్తరు. కానీ తెగులు వస్తే మాత్రం, “జొన్న వేసి ఏం లాభం?” అంటాం.

దీనికి ఎదురు మాట ఒకటుంది, మా ఆయనే అన్నారు. “చూసేవాళ్ళకి విమర్శించే హక్కు లేదా? డిఫెండరైతే ఏమన్నా దేవుడా?” నిజమే. హక్కు ఉంది. అదే సిడ్నీ మ్యాచ్ మొదటి ఇన్నింగ్స్‌లో పుజారా 176 బంతులాడి 50 పరుగులు చేస్తే, ఇంత నెమ్మదిగా ఆడటం వల్ల అవతలి బ్యాటర్ల మీద భారం పడుతోందని రికీ పాంటింగ్ అన్నాడు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అది విమర్శ. ఆ సమయంలో జట్టుకి ఏం కావాలి, ఇతను ఏం చేశాడు అని చూసి అన్న మాట అది. విహారి విషయంలో ఆ రెండు ప్రశ్నలూ ఎవరూ వెయ్యలేదు. ఆపమని పంపినవాణ్ణి పట్టుకుని, ఎందుకు కొట్టలేదని తిట్టారు. వంటకి పెట్టుకున్న మనిషిని ఇల్లెందుకు కట్టలేదని అడిగినట్టు!

ఈ ఆశలకి హద్దు లేకపోతే ఎక్కడిదాకా పోతాయో కూడా లోకం చూసింది. 1994 ప్రపంచ కప్‌లో కొలంబియా కప్పు కొడుతుందని చాలామంది చెప్పుకున్నారు. జూన్ 22న అమెరికాతో మ్యాచ్‌లో డిఫెండర్ ఆంద్రెస్ ఎస్కోబార్, పక్క నుంచి వచ్చిన బంతిని ఆపబోయి సొంత గోల్‌లోకి తన్నాడు. అచ్చం మావాడిలాగే. కొలంబియా 2-1తో ఓడిపోయింది. పది రోజుల తర్వాత, జూలై 2న, అతని సొంత ఊరు మెడెలిన్‌లో కాల్చి చంపారు. అతని వయసు 27. ఆ గోల్ వల్లే చంపారని అక్కడ చాలామంది ఈనాటికీ నమ్ముతారు. మన వాట్సాప్ గ్రూపు అంత దూరం పోదు, నాకు తెలుసు. కానీ ఒక కుర్రాడి ఓటమికి అందరూ కలిసి నవ్వడం, నొక్కినవాళ్ళెవరూ బాధ్యులు కాకపోవడం, మొదలయ్యేది ఇక్కడి నుంచే కదా.

ఇంతసేపూ ఇతరులని అన్నాను. ఇక నా వంతు. రెండేళ్ళుగా వాడు ఆడి వచ్చిన ప్రతిసారీ నేను తలుపు దగ్గర అడిగిన మొదటి మాట, “ఎన్ని గోల్స్ కొట్టావురా?” వాడు “సున్నా అమ్మా” అనేవాడు. మొదట్లో నవ్వుతూ, తర్వాత తర్వాత నవ్వకుండా. ఒకసారి, “మేం మూడు కొట్టాం, వాళ్ళు ఒక్కటీ కొట్టలేదమ్మా” అన్నాడు. “నువ్వు కొట్టావా?” అన్నాను. ఆ ‘ఒక్కటీ కొట్టలేదు’ అన్న మాటలోనే వాడి ఆటంతా ఉంది. నేను వినలేదు. రోజంతా ఇంట్లో ఏది పొంగకుండా, ఏది పాడవకుండా చూసుకుని, సాయంత్రం “ఇవాళ ఏం చేశావు?” అని అడిగితే చిర్రెత్తే మనిషిని నేను. నా కొడుకుని అదే ప్రశ్న అడిగాను.

అందుకే ఆ గ్రూపులో ఉన్న అమ్మలకి, నాన్నలకి చెబుతున్నాను. ఆ ఫోటో తీసెయ్యండి. మీ పిల్లల్లోనూ ఎవరో ఒకరు వెనక నిలబడే పని చేస్తూనే ఉంటారు, ఆటలో కాకపోతే ఇంకోచోట. వాళ్ళు ఇంటికి రాగానే ఎన్ని కొట్టావని అడగకండి, ఎన్ని ఆపావని అడగండి. జవాబు వెంటనే రాదు. ఎవరూ అడగని ప్రశ్న కదా, తడుముకుంటారు.

నేను నిన్న రాత్రి అడిగాను. మావాడు కాసేపు నా ముఖం చూసి, “లెక్కపెట్టలేదమ్మా” అన్నాడు. మా ఆయన అన్నం తింటున్నవారు తలెత్తి, “ఈసారి నేనొచ్చి లెక్కపెడతాలేరా” అన్నారు. వాడు అవుననలేదు, కాదనలేదు. బూట్లు ఇంకా గూట్లోనే ఉన్నాయి. వాటికి అంటిన మట్టి నేను దులపలేదు, వాడే దులుపుకోవాలి.