పద్యం వల్ల బుర్ర మొద్దుబారదు

ఈ వారం రాజమండ్రిలో ఒక బడి వాళ్లు తల్లిదండ్రుల్ని పిలిచి, ఇకమీదట పిల్లల చేత పద్యాలు కంఠతా పట్టించబోమని, దానివల్ల బుర్ర మొద్దుబారుతుందని చెప్పారు. విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. పక్కనే ఉన్న కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు, దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో కలిసి శతావధానాలతో ఆంధ్రదేశాన్ని ఊపేశారు. ఆ గడ్డ మీద వినాల్సిన మాటేనా ఇది?

బట్టీ వేరు, ధారణ వేరు. కోనసీమ ఘనపాఠీలు వేదాన్ని ఘనం పద్ధతిలో చెబుతుంటే ఎప్పుడైనా దగ్గర కూర్చుని వినండి. మొదటి పదం, రెండోది. వెంటనే రెండోది, మొదటిది. ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు. మూడు, రెండు, ఒకటి. తిరిగి ఒకటి, రెండు, మూడు. అక్కడి నుంచి రెండో పదంతో మొదలుపెట్టి మళ్లీ అదే వరస. స్వరం ఎక్కడా తప్పకూడదు. ప్రతి పదానికీ ముందున్నదానితో, వెనకున్నదానితో ముడి పడుతుంది. డేవిడ్ నైప్ అనే అమెరికా ఆచార్యుడు ఈ ఘనపాఠీల కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి తిరిగి, 2015లో ‘వేదిక్ వాయిసెస్’ అని పెద్ద పుస్తకమే రాశాడు.

హర్యానాలోని మానేసర్ మెదడు పరిశోధన కేంద్రంలో 21 మంది వేదపండితులకు స్కానింగ్ తీశారు. అదే వయసు మామూలు మనుషులతో పోలిస్తే జ్ఞాపకానికి, భాషకు సంబంధించిన చోట్ల వాళ్ల మెదడులో బూడిదరంగు పదార్థం బాగా ఎక్కువగా కనిపించింది. వాళ్లు ఉత్తరాది పండితులు. మన కోనసీమలోని వ్యాఘ్రేశ్వరం ఘనపాఠీలనూ పరీక్షిస్తే చూడాలని నా కోరిక.

స్కానింగ్‌లో విడివిడి కణాలు కనబడవు. వాటికి ఎలుకలే దిక్కు. 2003లో అమెరికాలో ట్రేసీ షోర్స్ బృందం ఎలుకలకు ఒక శబ్దం వినిపించి, కాస్త ఆగి కనురెప్ప దగ్గర చిన్న కరెంటు చురక పెట్టింది. శబ్దానికీ చురకకూ లంకె కుదిరిన ఎలుకల్లో, మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలోని కణాల కొమ్మల మీద సన్నటి ముళ్లు ఎక్కువయ్యాయి. మన కాలవల్లో గుర్రపుడెక్క వేళ్లకుండే నూగులాంటివి అవి. పక్క కణం అందించే కబురు చాలావరకు వాటి మీదే దిగుతుంది. అవే శబ్దాలు, అవే చురకలు పొంతన లేకుండా పడ్డ ఎలుకల్లో ఆ ముళ్లు పెరగలేదు.

నేను మొత్తుకునేది ఇదే. కణాన్ని మార్చింది లంకె. యతి, ప్రాస, రాగం, అర్థం, నేర్పిన మాస్టారి గొంతు అన్నీ కలిసి పద్యాన్ని పట్టి ఉంచుతాయి. పద్యాలు వద్దన్న ఆ బడిలోనే ఏడో తరగతి పిల్లాడి చేతికి బిట్ బ్యాంకు ఇచ్చారు. ఒక ప్రశ్నకు ఇంకో ప్రశ్నతో సంబంధం లేని ఆ చిట్టాను రోజూ అప్పజెప్పించుకుంటున్నారు. మొద్దుబారేది దేనివల్లో వాళ్లే చెప్పాలి.

ఇంతకన్నా పెద్ద అన్యాయం హాస్టళ్లలో జరుగుతోంది. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, తెల్లవారుజామున నాలుగున్నరకు గంట. 2014లో న్యూయార్క్‌లో చిట్టెలుకలకు తిరిగే కడ్డీ మీద నడక నేర్పారు. నేర్చుకున్నాక నిద్రపోయినవాటికి కొత్త ముళ్లు బాగా మొలిచాయి, నిద్ర లేకుండా చేసినవాటికి తక్కువ మొలిచాయి. అంటే పగలు చదివింది రాత్రి కుదురుకోవాలి. ఆ రాత్రినే మనం పిల్లల దగ్గర లాక్కుంటున్నాం, పైగా లక్షల్లో ఫీజు కట్టి మరీ. ఈసారి సమావేశానికి పిలిచినప్పుడు, అమ్మలూ నాన్నలూ, ర్యాంకుల సంగతి తర్వాత చూద్దురుగాని, ఆ గంట ఎన్నింటికి కొడుతున్నారో ముందు అడగండి. ఆరుకు మార్చేదాకా లేవకండి.