పాపిట వెడల్పవుతున్నదా?

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల పల్లెల్లో తెల్లవారకముందే స్త్రీలు పూలతోటలకు, కూరగాయల మడులకు బయలుదేరుతారు. తలకు కొంగు చుట్టుకొని పని చేస్తారు. ఆదివారం ఆరాధనకు వచ్చినప్పుడు తల మీద ముసుగు ఉంటుంది. ఇంట్లో ఉన్నప్పుడు నూనె రాసి బిగించిన కొప్పు ఉంటుంది. అందుచేత తల మీద జుట్టు పలచబడుతున్న సంగతి ఇంట్లోవారికి కూడా చాలా ఆలస్యంగా తెలుస్తుంది. ఈ నెల ఆ విషయమే మాట్లాడుకుందాం.

జుట్టు ఊడడం అందానికి సంబంధించిన చిన్న విషయమే కదా, దానికి డాక్టరు దాకా ఎందుకు అని అడిగేవారున్నారు. అది చిన్న విషయం కాదని మేము అంటాము. రక్తహీనత, థైరాయిడ్ మందగించడం వంటి లోపలి జబ్బులు కొన్నిసార్లు జుట్టు ద్వారానే బయటపడతాయి. పైగా కొన్ని రకాల జుట్టు రాలడం మొదట్లో పట్టుకుంటే నిలుస్తుంది, ఆలస్యమైతే పోయినంతా తిరిగి రాదు. పెళ్లీడు పిల్ల అయితే ఎవరికీ చెప్పుకోలేక లోలోపలే కుమిలిపోతుంది. ఆ బాధ తేలికైనది కాదు.

ఎంత రాలితే సహజం?

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్క వెంట్రుక రెండు నుండి ఆరేళ్ల వరకు పెరుగుతుంది. తరువాత మూడు నెలల పాటు ఎదుగుదల ఆగి, రాలిపోతుంది. దాని చోట కొత్తది మొలుస్తుంది. కాబట్టి రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలడం సహజం. వారానికి ఒకసారి తలంటుకునేవారికి ఆ రోజు ఎక్కువగా కనిపిస్తాయి. వారమంతా రాలినవి జడలోనే చిక్కుకొని ఉండడమే దీనికి కారణం. దువ్వెనలో వెంట్రుకల ఉండ చూసి వెంటనే హడలిపోనక్కరలేదు.

ముందుగా ఎలా గుర్తించాలి?

వెంట్రుకలు లెక్కపెట్టడం కంటే పాపిట చూసుకోవడం మేలు. వెలుతురులో కూర్చొని, నడినెత్తిన పాపిట తీసి తల్లినో అక్కనో చూడమనండి. తల వెనుక భాగంలో కూడా ఒక పాపిట తీసి రెండింటినీ పోల్చమనండి. వెనుక సన్నగా ఉండి ముందు మాత్రం వెడల్పుగా, చర్మం మెరుస్తూ కనిపిస్తే అది మొదటి గుర్తు. మగవారికి నుదురు వెనక్కి జరుగుతుంది. ఆడవారికి సాధారణంగా నుదుటి అంచు అలాగే ఉండి, నడినెత్తి పలచబడుతుంది. ఈ తీరును జర్మన్ వైద్యుడు లుడ్విగ్ 1977లో మూడు దశలుగా వివరించాడు. మొదటి దశలో చికిత్స మొదలుపెట్టినవారికి ఫలితం బాగుంటుంది.

రెండవ గుర్తు జడ సన్నబడడం. ఇదివరకు జడకు రెండు చుట్లు తిరిగిన రబ్బరు బ్యాండు ఇప్పుడు మూడు నాలుగు చుట్లు తిరుగుతుంటే గమనించండి. సెల్‌ఫోనుతో మూడు నెలలకొకసారి పాపిట ఫొటో తీసి ఉంచుకుంటే తేడా తెలుస్తుంది.

జుట్టు రాలడం అంతా ఒకటి కాదు

ఒక్కసారిగా గుప్పెళ్లు గుప్పెళ్లుగా రాలుతున్నదంటే రెండు మూడు నెలల వెనక్కి వెళ్లి ఆలోచించండి. టైఫాయిడ్, డెంగీ వంటి పెద్ద జ్వరం, ఆపరేషను, కాన్పు, తిండి మానేసి బరువు తగ్గడం, తీవ్రమైన దుఃఖం, వీటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. 2021లో కోవిడ్ వచ్చి తగ్గినవారిలో చాలామందికి ఇలాగే జరిగింది. శరీరం దెబ్బ తిన్నప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి ఎదుగుదల ఆపి, మూడు నెలలకు కలిసి రాలుతాయి. ఇది చాలావరకు ఆరు నెలల్లో సర్దుకుంటుంది. బాలింతకు మూడో నెలలో జుట్టు రాలితే దిష్టి తగిలిందనీ, పాలిస్తే జుట్టు పోతుందనీ అంటారు. రెండూ నిజం కాదు. పాలు మాన్పించవద్దు. బిడ్డకు ఏడాది నిండేసరికి తల్లి జుట్టు చాలావరకు మళ్లీ వస్తుంది.

గుండ్రంగా, రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడిపోతే దాన్ని పేనుకొరుకుడు అంటాము. పేరు అలా ఉన్నా దానికి పేలతో సంబంధం లేదు. మన రోగనిరోధక శక్తే పొరపాటున వెంట్రుకల కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల అది వస్తుంది. అంటువ్యాధి కాదు. దాని మీద వెల్లుల్లి నూరి పూయడం, జిల్లేడు పాలు రాయడం వల్ల చర్మం కాలి పుండ్లు పడతాయి.

చెంపల దగ్గర, నుదుటి అంచున మాత్రమే పలచబడితే ఎక్కువగా జడ బిగింపే కారణం. బడికి వెళ్లే ఆడపిల్లలకు తలనొప్పి వచ్చేలా బిగించి రెండు జడలు వేయవద్దు. ఇది ఏళ్ల తరబడి సాగితే ఆ కుదుళ్లు శాశ్వతంగా చచ్చిపోతాయి.

నెలసరి సరిగా రాకపోవడం, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు కూడా ఉంటే హార్మోన్ల తేడా ఉన్నట్లు అనుమానించాలి. పొట్టు రాలుతూ దురద పెడితే బూజు జాతి క్రిములు కారణం కావచ్చు. మంట, నొప్పి, చీము, మచ్చ పడినట్టు గట్టిపడిన చర్మం ఉంటే ఒక్క వారం కూడా ఆగవద్దు.

రక్తం సంగతి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో వందకు 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. మన తెలంగాణ పరిస్థితి కూడా దాదాపు అదే. ఇంట్లో అందరికీ వడ్డించి, మిగిలింది తినే అలవాటు ఇందుకు ఒక కారణం. నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం ఇంకొకటి. చెప్పులు లేకుండా తడి నేలలో పని చేసేవారికి కొంకిపురుగులు పాదాల గుండా ఒంట్లోకి చేరి రక్తం పీలుస్తాయి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. గర్భవతి కాని స్త్రీకి 12 గ్రాములకు తగ్గకూడదు. శరీరంలో ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ పరీక్ష, థైరాయిడ్ పరీక్ష కూడా అవసరమేమో డాక్టరును అడగండి. ఇనుము మాత్రలు వేసుకుంటే మలం నల్లగా వస్తుంది. భయపడి మానవద్దు.

సజ్జ రొట్టె, తోటకూర, మునగాకు, శనగలు, పెసలు, గుడ్డు, వీలైతే కార్జం తినండి. కూరలో నిమ్మరసం పిండుకున్నా, భోజనంతో జామపండు తిన్నా ఇనుము బాగా ఒంటపడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది.

మందులు, నూనెలు

నూనె జుట్టును మెత్తగా ఉంచుతుంది, తెగిపోకుండా కాపాడుతుంది. కాని పోయిన వెంట్రుకను మొలిపించదు. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్న మాటలో కూడా నిజం లేదు. కుదురు చర్మం లోపల ఉంటుంది, కత్తి దాన్ని తాకదు. బయోటిన్ మాత్రలు ఆ లోపం లేనివారికి మేలు చేస్తాయని రుజువు కాలేదు. పైగా అవి థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తప్పుగా చూపించగలవు. వాడుతున్నవారు రక్తం ఇచ్చే ముందు డాక్టరుకు చెప్పాలి.

నడినెత్తి పలచబడే రకానికి మినాక్సిడిల్ అనే పూత మందు ఉంది. మొదట ఇది రక్తపోటుకు ఇచ్చిన మాత్ర. వేసుకున్నవారికి వెంట్రుకలు పెరగడం చూసి తల మీద పూసే మందుగా మార్చారు. అమెరికాలో 1991లో స్త్రీలకు 2 శాతం మందును అనుమతించారు. మొదటి కొన్ని వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువగా రాలవచ్చు. చాలామంది అక్కడే భయపడి ఆపేస్తారు. ఫలితం కనిపించడానికి నాలుగు నుండి ఆరు నెలలు పడుతుంది. మానేస్తే వచ్చిన జుట్టు మళ్లీ పోతుంది. గర్భవతులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. అందుచేత దుకాణంలో అడిగి తెచ్చుకోక, డాక్టరు చెబితేనే వాడాలి.

చేవెళ్లలో ఒకటి, మొయినాబాద్ మండలం యెంకపల్లిలో ఒకటి వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. పట్నం దాకా పోకుండానే చర్మవ్యాధుల డాక్టరుకు చూపించుకోవచ్చు. వెళ్లేటప్పుడు జుట్టు రాలడం ఎప్పుడు మొదలైందో, అంతకుముందు ఏ జ్వరం వచ్చిందో, ఏ మందులు వాడుతున్నారో, నెలసరి ఎలా ఉందో కాగితం మీద రాసుకొని వెళ్లండి.

కుటుంబం చేయవలసినది

భర్తలారా, భార్య జుట్టు గురించి నలుగురిలో వేళాకోళం చేయవద్దు. రక్తపరీక్షకు ఆమెను వెంటబెట్టుకొని వెళ్లండి. అత్తలారా, బాలింత కోడలికి పథ్యం పేరుతో కూర, పప్పు, గుడ్డు తగ్గించవద్దు. పెళ్లిచూపులకు వెళ్లే పెద్దలు జడను చూసి పిల్ల విలువ కట్టవద్దు. చికిత్సకు లొంగని జుట్టు రాలడం కూడా ఉంటుంది. అలాంటి సోదరిని ఓదార్చి, ఎప్పటిలాగే ఆదరించడం మన పని.

ఈ నెల స్త్రీల కూడిక ముగిశాక ఒక పది నిమిషాలు ఆగండి. ఒకరి పాపిట ఒకరు చూసుకోండి. కనురెప్ప కిందికి లాగి లోపల ఎర్రగా ఉందా, పాలిపోయిందా గమనించండి. అనుమానం ఉన్నవారిని సోమవారం నాడే ఆరోగ్య కేంద్రానికి పంపండి, తోడుగా ఒకరు వెళ్లండి.