శని ఉదయించని ఊరు



2017 డిసెంబరులో శనిపెయర్చికి తిరునళ్ళారు పోయి వచ్చినాము, మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. నాది ధనుస్సు రాశి. జన్మశని అన్నారు. నలతీర్థంలో స్నానం, నువ్వుల దీపం, అన్నీ చేసినాను. దాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆ తర్వాత రెండేళ్ళలో ఒక్క రాత్రి కూడా తలెత్తి శని ఎక్కడున్నాడని చూడలేదు. అదీ నా బాధ.

మా చిన్నమ్మాయి కుటుంబం ఉత్తర నార్వేలో ట్రోమ్సో అనే ఊళ్ళో ఉంది. అక్షాంశం దాదాపు 70 డిగ్రీలు. నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా అక్కడ సూర్యుడు ఉదయించడు. ఎండాకాలంలో రెండు నెలలు అస్తమించడు, అప్పుడు చుక్కలు చూసే మాటే లేదు. "చలికాలమంతా చీకటే కదా, గ్రహాలన్నీ బాగా కనబడతాయా?" అని అడిగినాను. "అన్నీ కాదు నాన్నా. శని ధనుస్సులో ఉన్నన్నాళ్ళూ ఇక్కడ ఉదయించనే లేదు" అనింది.

నాకు ముందు నమ్మకం కుదరలేదు. తర్వాత లెక్క అర్థమైంది. గ్రహాలన్నీ ఇంచుమించు సూర్యుడు పోయే దారిలోనే పోతాయి. ఆ దారిలోవే మన పన్నెండు రాశులు. భూమి ఇరుసు 23.5 డిగ్రీలు వాలి ఉంది కాబట్టి ఆ దారిలో ధనుస్సు బాగా దక్షిణానికి, మిథునం బాగా ఉత్తరానికి పడతాయి. మన ధనుర్మాసం అంటే సూర్యుడు ధనుస్సులో ఉండే నెల. ఆ నెలలో ట్రోమ్సోలో సూర్యుడికే ఉదయం లేదు, అదే చోట ఉన్న శనికి ఎక్కడిది? సూర్యుడు అక్కడ ఉండేది ఒక నెల, శని ఉండేది రెండేళ్ళకు పైనే. 2018, 2019 రెండేళ్ళూ ఆ ఊరివాళ్ళు శనిని చూడలేదు. మన మిద్దెల మీద మాత్రం చక్కగా కనబడినాడు. మనమే చూడలేదు.

మిథునంలో ఉన్న గ్రహానిది దీనికి తలకిందులు. ఇప్పుడు గురుడు అక్కడే ఉన్నాడు. మొన్న జనవరి 10న సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చినాడు. ఆ రాత్రి మనకు పది గంటలు, వాళ్ళకు సాయంత్రం ఐదున్నర. ఇద్దరం ఫోన్లో మాట్లాడుకుంటూ చూసినాము. నాకు తూర్పున బాగా పైన, వాళ్ళకు తూర్పున కొండల మీద. పక్కనే పునర్వసు జంట చుక్కలు. అవి మినుకుమంటాయి, గురుడు నిలకడగా వెలుగుతాడు. అదే గుర్తు. అక్కడ గురుడు ఇప్పుడు అస్తమించడు, ఉత్తరాన కొండల వెనక్కి దిగి మళ్ళీ పైకి వస్తాడు.

నేను బడిలో వియాళన్ అని చదివినాను. మా అమ్మ గురుడు అనేది. మనవరాలికి జూపిటర్. ఆ రాత్రి మూడు పేర్లూ దానికి చెప్పినాను. గురువారం ఎందుకు గురువారమో అప్పుడు అడిగింది.

ట్రోమ్సోలో పుట్టినవాళ్ళకు ఏల్నాటి శని లేదా అని కొందరు నవ్వుతారు. జ్యోతిషం లెక్క రాశిది, కంటిది కాదు అంటారు మన అయ్యవారు. ఆ వాదంలోకి నేను పోను. నేననేది ఒక్కటే. మన పిల్లలకు శని అంటే ముందు భయం తెలుస్తోంది, చుక్క తెలియడం లేదు. ఈ వరస మారాలి.

మార్చి 19న ఉగాది. పరాభవ సంవత్సరం పంచాంగ శ్రవణం అయినాక, చీకటి పడగానే పిల్లల్ని హాలు మిద్దె మీదికి తీసుకుపోదాం. అమావాస్య మరునాటి చీకటి, చంద్రుడి అడ్డం ఉండదు. గురుడు నడినెత్తిన ఉంటాడు. పొద్దు గూకగానే పడమట కిందుగా శుక్రుడు. ఖర్చు లేదు, దుర్భిణి అక్కరలేదు. లైట్లు ఆర్పితే చాలు.

శని ఆ రోజుల్లో సూర్యుడి పక్కనే ఉంటాడు, కనబడడు. అక్టోబరులో రాత్రంతా ఉంటాడు, దానికి ఇంకో రాత్రి పెట్టుకుందాం. ఇప్పుడు మీనంలో ఉన్నాడు కాబట్టి ట్రోమ్సోలో కూడా ఉదయిస్తాడు. ఇద్దరం కలిసి చూద్దామని మనవరాలికి మాట ఇచ్చినాను.

కమిటీవారు ఆలోచించి చెప్పండి.