సింహాసనం కావాలి, శవం వద్దు

సొఫోక్లిస్ ‘యాంటిగొని’ మీద ఎవరు వ్యాసం రాసినా, ఏ తరగతి గదిలో పాఠం చెప్పినా మూడో వాక్యానికల్లా ఒక మాట వచ్చి తీరుతుంది: ఇద్దరిదీ న్యాయమే, ఇద్దరిదీ పంతమే. ఒకవైపు రాజ్యం, ఇంకోవైపు రక్తసంబంధం. రెండూ ధర్మాలే, ఢీకొన్నాయి, విషాదం పుట్టింది. హెగెల్ అంతటివాడు చెప్పాక ఇక తిరుగేముంది? రెండు వందల ఏళ్లుగా అదే పాట. నాకు ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. వెనక సైన్యం ఉన్నవాడినీ, గుప్పెడు మట్టి తప్ప చేతిలో ఏమీ లేని పిల్లనీ ఒకే తక్కెడలో తూచి, ముల్లు సరిగ్గా మధ్యలో నిలిచిందని మురిసిపోవడం విమర్శ కాదు. అధికారానికి చేసే ఊడిగం.

కథ తెలిసిందే. ఈడిపస్ కొడుకులిద్దరూ గద్దె కోసం కొట్టుకుని థీబ్స్ నగరపు ద్వారం దగ్గర ఒకరి చేతిలో ఒకరు చచ్చారు. ఊరి పక్షాన నిలిచిన ఎటియోక్లిస్‌కి సకల లాంఛనాలతో అంత్యక్రియలు. ఆర్గోస్ సేనను వెంటేసుకొచ్చిన పోలినైసిస్‌ని మాత్రం కుక్కలకీ గద్దలకీ వదిలేయాలనీ, పాతిపెట్టినవాళ్లని ఊరంతా రాళ్లతో కొట్టి చంపాలనీ కొత్త రాజు క్రియాన్ చాటింపు వేయించాడు. తోబుట్టువు యాంటిగొని వెళ్లి శవం మీద మట్టి చల్లింది. దొరికిపోయింది. నేనే చేశాను పొమ్మంది. రాళ్ల దెబ్బలకు బదులు ఆమెను ప్రాణాలతో గుహలో మూసేయమన్నాడు క్రియాన్.

ఇంతకీ ఈ క్రియాన్ ఎవరు? రాజ్యానికి ప్రతినిధి అని అందరూ రాస్తారు. కాదు, జొకాస్టా తమ్ముడు. అంటే యాంటిగొనికీ పోలినైసిస్‌కీ సొంత మేనమామ. అతని కొడుకు హేమన్‌తో యాంటిగొనికి పెళ్లి కుదిరింది కూడా. మన వరసల్లో మేనబావ. పుర పెద్దల ముందు క్రియాన్ చేసిన మొదటి ప్రసంగంలోనే, చనిపోయిన అన్నదమ్ములకు దగ్గరి చుట్టాన్ని కాబట్టి ఈ సింహాసనం నాకు దక్కింది అని చెప్పుకుంటాడు. ఎన్నిక లేదు, యుద్ధంలో గెలిచింది లేదు. చుట్టరికం ఒక్కటే అర్హత. ఆ చుట్టరికంతో గద్దె ఎక్కినవాడు, అదే నోటితో అదే మేనల్లుడి శవాన్ని ముట్టుకోవద్దంటాడు!

చూస్తున్న ఏథెన్స్ ప్రజలకు ఇది తగలకుండా ఉంటుందా? వాళ్ల ఊళ్లో వారసత్వమూ అంత్యక్రియలూ ఒకే తాడుకి రెండు కొసలు. ఆ తర్వాతి శతాబ్దంలో ఇసేయస్ రాసిచ్చిన ఆస్తి దావాల ప్రసంగాలు చూడండి: చనిపోయినవాడికి అంత్యక్రియలు చేసింది నేను, కాబట్టి వారసుడినీ నేనే అన్న వాదన పదే పదే వస్తుంది. ఆస్తి తీసుకుని తలకొరివి ఎగ్గొట్టినవాడిని ఏమనాలో మనవాళ్లకీ విడమరిచి చెప్పనక్కర్లేదు. పోలినైసిస్‌ని మట్టి చేయాల్సిన మొదటి మగదిక్కు క్రియానే. అతను ఎగ్గొట్టిన పనిని ఆ పిల్ల చేసింది. ఇక్కడ రాజ్యం ఎక్కడుంది, కుటుంబం ఎక్కడుంది? కుటుంబంలో లాభం ఉన్న సగాన్ని మింగి, బాధ్యత ఉన్న సగాన్ని ఉమ్మేసినవాడు ఒకడున్నాడు, అంతే.

క్రియాన్ మాటలు బాగుంటాయి, ఒప్పుకుంటాను. దేశం కంటే స్నేహితుడు ఎక్కువనుకునేవాడు ఎందుకూ కొరగాడనే ఆ ప్రసంగం ఎంత బాగుంటుందంటే, క్రీ.పూ. 343లో డెమాస్తనీస్ దాన్ని కోర్టులో చదివించాడు. ఎదుటి పక్షం ఈస్కినీస్ ఒకప్పుడు నటుడు, క్రియాన్ వేషం కట్టినవాడు. రంగస్థలం మీద అన్ని నీతులు వల్లించి దేశానికి ద్రోహం చేశావు కదా అని దెప్పడానికి అది పనికొచ్చింది. (రాజు వేషాలు మూడో రకం నటుడికే దక్కుతాయని ఒక చురక కూడా అంటించాడు.) మాటలకేం, ఎవరైనా చెబుతారు. ఆ మాటలన్నవాడు తర్వాత ఏం చేశాడో చూడాలి. కాపలావాడు వచ్చి ఎవరో మట్టి చల్లారని చెప్పగానే, లంచం తిన్నారన్నాడు. దేవుళ్ల పనేమోనని పెద్దలంటే, ముసలితనంలో మతి పోయిందా అన్నాడు. చివరికి గుడ్డివాడైన జోస్యుడు టైరీసియస్ వచ్చి హెచ్చరిస్తే, అతనికీ డబ్బాశ అంటగట్టాడు. ఎదురు చెప్పిన ప్రతివాడూ అమ్ముడుపోయినవాడే! ఇది రాజ్యధర్మమట.

ఆ రోజుల్లో ద్రోహులకు సొంతగడ్డ మీద సమాధి ఉండేది కాదు కదా అని కొందరు పండితులు అడ్డం వస్తారు. నిజమే, ఏథెన్స్‌లోనూ ఆ చట్టం ఉంది. ద్రోహి ముద్రతో పరాయి గడ్డ మీద పోయిన థెమిస్టొక్లిస్ ఎముకల్ని బంధువులు రహస్యంగా తెచ్చి అటికాలో పాతిపెట్టారని చెప్పుకునేవారట, థుసిడిడిస్ రాశాడు. కానీ ఆ చట్టం ఈ నేలలో వద్దంది, పొలిమేర దాటించి పాతుకోమంది. కుక్కలకు వేసి కాపలా పెట్టమనలేదు. క్రియాన్‌కి కావాల్సింది శిక్ష కాదు, ప్రదర్శన.

ఇక పంతం సంగతి. యాంటిగొని దేవత కాదు. భయపడిన చెల్లెలు ఇస్మీన్‌ని చీత్కరిస్తుంది. ఆ చెల్లెలే తర్వాత నేనూ నీతో చస్తానని వస్తే, నీకా హక్కు లేదు పొమ్మంటుంది. చావుకి వెళ్లే ముందు మరీ వింత మాట అంటుంది: మొగుడో బిడ్డో అయితే ఇంత సాహసం చేసేదాన్ని కాదు, వాళ్లు మళ్లీ దొరుకుతారు, తల్లీ తండ్రీ పోయాక అన్న మళ్లీ పుట్టడు అని. ఆ పంక్తులు సొఫోక్లిస్‌వి కావని ఏ పండితుడైనా నిరూపిస్తే బాగుండునని గెథే వాపోయాడు. నాకైతే అవి అక్కడే ఉండాలి. ఆ పిల్లను పటం కట్టి పూజించడానికి వీల్లేకుండా చేస్తాయవి. ఆమెది మొండితనమే. ఆ మొండితనం వల్ల చచ్చింది ఎవరు? మొదట ఆమే. క్రియాన్ మొండితనానికి లెక్క వేరు: మేనకోడలు, కొడుకు, పెళ్లాం, వరసగా మూడు శవాలు. రెంటినీ అహంకారం అనే ఒకే గంపలో వేయడానికి చేతులెలా వస్తాయి?

అన్నట్టు, ఈ ‘ఇద్దరిదీ న్యాయమే’ అనే మాట హెగెల్ కనిపెట్టింది కాదు, నాటకంలోనే ఉంది. తండ్రికి నచ్చజెప్పడానికి హేమన్ వస్తాడు. న్యాయమైనా కాకపోయినా పాలకుడి మాట వినాల్సిందేనని క్రియాన్ పాఠం చెబుతాడు. ఊరంతా లోలోపల ఆ పిల్ల కోసం ఏడుస్తోంది, నీ మొహం చూసి నోరెత్తడం లేదు అని కొడుకు చెబుతాడు. అప్పుడు పుర పెద్దలు నోరు విప్పి ఇద్దరూ బాగానే చెప్పారంటారు. తీర్పు చెప్పాల్సిన చోట ఆ ముసలాళ్ల గొంతులోంచి వచ్చింది అంతే. అది జ్ఞానం కాదు, భయం. మన విమర్శకులకు ఆ భయం కూడా లేదు, మరి ఎందుకంటున్నారో.

జైలు గోడల మధ్య ఆ తికమక ఉండదు. రాబెన్ దీవి జైల్లో ఖైదీలు ఈ నాటకం ఆడినప్పుడు క్రియాన్ వేషం కట్టింది నెల్సన్ మండేలా. అన్యాయమైన చట్టాన్ని ధిక్కరించిన యాంటిగొని మా పోరాటానికి గుర్తు అని ఆత్మకథలో తేల్చేశాడు. రాజు కిరీటం పెట్టుకుని ఆడినవాడికి తెలిసిన విషయం గ్రంథాలయాల్లో కూర్చున్నవాళ్లకు తెలియలేదు.

చివరికి పశ్చాత్తాపపడ్డాడు కదా, అంత శోకం అనుభవించాడు కదా అంటారు. సరే, ఆ పశ్చాత్తాపాన్నే దగ్గర్నుంచి చూద్దాం. టైరీసియస్ శపించి వెళ్లాక క్రియాన్ వణికిపోయి ఏం చేయమంటారని పెద్దలను అడుగుతాడు. వాళ్లు, ఎప్పుడూ లేనిది, సూటిగా చెబుతారు: ముందు గుహలోంచి పిల్లను వదిలెయ్, తర్వాత శవానికి సమాధి కట్టు. క్రియాన్ తిరగేసి చేశాడు. ముందు మైదానానికి వెళ్లాడు. కుక్కలు పీకగా మిగిలినదాన్ని కడిగించాడు, పచ్చి కొమ్మలు పేర్చి దహనం చేయించాడు, సొంత నేల మట్టితో ఎత్తైన దిబ్బ పోయించాడు. అదంతా తీరిగ్గా పూర్తయ్యాకే గుహ వైపు నడిచాడు. టైరీసియస్ చెప్పిన అరిష్టం శవంతో వచ్చింది, రాజుకి ప్రమాదం అటువైపుంది, అందుకే కాళ్లు ముందు అటు పోయాయి. ఊపిరితో ఉన్న పిల్ల ఆగగలదనుకున్నాడు. వెళ్లేసరికి ఆమె మేలిముసుగుతో ఉరి పోసుకుంది, హేమన్ ఆమె నడుం పట్టుకుని ఏడుస్తున్నాడు, తండ్రిని చూడగానే కత్తి దూశాడు.