మన లెటర్‌హెడ్ ఎవరిది?

2011లో అమెరికాలో ఏటీ అండ్ టీ 3,900 కోట్ల డాలర్లకు టీ-మొబైల్‌ను కొనబోయింది. చౌక ప్లాన్లిచ్చే పోటీదారు పోతే బిల్లు మోత పేదోళ్లకే. అయినా నల్లజాతి హక్కుల కోసం 1909లో పుట్టిన ఎన్ఏఏసీపీ ఆ విలీనానికి మద్దతిచ్చింది. పల్లెలకు ఇంటర్నెట్ వస్తుందనే మాట ముందు నడిచింది. అదే కంపెనీ ఆ సంఘానికి విరాళాలూ ఇచ్చేది! మద్దతిచ్చిన గ్లాడ్ సంస్థలో గొడవై అధ్యక్షుడే రాజీనామా చేశాడు. ప్రభుత్వం కోర్టుకెక్కాక, డిసెంబర్‌లో కంపెనీ వెనక్కి తగ్గింది.

వాళ్లను వెక్కిరించను. నా భయం మన గురించి. సభకు భోజనాలెవరు పెట్టారని అడిగితే "సాయమే కదన్నా" అంటారు. పెట్టిన చెయ్యే రేపు మన లెటర్‌హెడ్ అడుగుతుంది. ఆ పేరు మన పెద్దలు దెబ్బలు తిని సంపాదించింది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సంతకానికి ముందు వాడను అడగండి. జై భీమ్.