కుక్క కొఱికిన కుర్చీ: నేర మెవరిది?

కుక్కను దెచ్చి యందలముపై గూర్చుండబెట్టిన గుచ్చులన్నియు దెగగొఱికెనని మనలో నొక సామెత గలదు. అల్పునికి గౌరవ మిచ్చిన ఫలమిట్లుండునని చెప్పుటకు బెద్దలు దీనిని వాడుచుందురు. మేమును జిన్ననాటినుండి యీ సామెతను వినుచునే యున్నాము. ఇతరులకు వినిపించియు నున్నాము. కాని కొంతకాలముగా దీనినిగూర్చి మాకొక సందేహము గలుగుచున్నది. కుక్కను అందలముపై గూర్చుండబెట్టినవా డెవడు? అవి కుచ్చులనియు, కొఱుకదగనివనియు దానికి ముందుగా దెలిపినవా డెవడు? కొఱుకుటకు దానికి వేఱొక వస్తువు నెవరైన నిచ్చిరా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పకుండ దోషమంతయు గుక్కపై మోపుట న్యాయమా?

ఇది పరిహాసమునకు వ్రాయుచున్న మాట గాదు. మన విద్యార్థుల యిండ్లలో గుక్కపిల్లలను బెంచువారు పలువురు గలరు. సెలవులలో ముద్దుగా దెచ్చిన పిల్ల నాలుగైదు నెలల వయస్సు వచ్చునప్పటికి గుర్చీలను, మంచపుకోళ్లను, తలుపుచెక్కలను, చెప్పులను గొఱుక నారంభించును. ఇంటివారు మొదట దానిని దిట్టుదురు, పిదప గొట్టుదురు, కొట్టినను మానకున్న గట్టివేయుదురు, కట్టినపుడు రేయింబవళ్లు మొఱుగుచున్న నొకనాడు గోనెసంచిలో వేసి యూరిబయట విడిచివత్తురు. ఇంటి తిండికి అలవాటుపడిన యా పిల్ల వీధిలో నెన్ని దినములు బ్రదుకునో యెవరును విచారింపరు. ఒక కుర్చీకోటికి ఒక ప్రాణము బదులగుచున్నది. కావున నీ విషయమున మా యభిప్రాయమును నిష్కర్షగా జెప్పదలచితిమి. కుక్కపిల్ల కొఱుకుట నేరము గాదు, స్వభావము. దానిని దారికి దెచ్చుటకు గఱ్ఱ సాధనము గాదు. కొఱుకదగిన వస్తువును, తగిన వ్యాయామమును, మన కాలములో గొంత భాగమును దాని కిచ్చుటయే సాధనము.

కుక్కపిల్ల యేల కొఱుకునో మొదట దెలిసికొందము. దానికి 28 పాలపండ్లుండును. అవి నాలుగవ నెల మొదలుకొని యొక్కొక్కటిగా నూడి, ఆఱేడు నెలలు నిండునప్పటికి వాని స్థానమున 42 పండ్లు వచ్చును. ఆ నెలలలో దాని చిగుళ్లు సలుపుచుండును. గట్టివస్తువును నమలిన గొంత యుపశమనము గలుగును. పండ్లు వచ్చు పసిబిడ్డ చేతికి దొరకినదెల్ల నోట బెట్టుకొనుట చూచి మనము నవ్వుదుము. ఆ పనియే కుక్కపిల్ల చేసిన గఱ్ఱ వెదకుదుము. అంతియే గాక కుక్కకు జేతులు లేవు. క్రొత్త వస్తువు మెత్తనో గట్టిదో, తినదగినదో కాదో నోటితోనే అది తెలిసికొనవలెను. నేడు మన పట్టణములలో బలువురు ముచ్చటపడి పెంచు లాబ్రడారు జాతి, వేటలో గూలిన పక్షులను నోట గఱచి తెచ్చుటకై తరతరములుగా దీర్చబడినది. నోటిపనికై తీర్చిన జంతువును నాలుగు గోడల నడుమ నుంచి, నోరు కదపకుండ బడియుండుమనుట యెట్టి న్యాయము?

పండ్లన్నియు వచ్చిన పిదపను గొఱుకు కుక్కలు గలవు. వాని కారణములు వేఱు. దినమంతయు నేమియు దోచక పడియుండుట యొకటి, ఆకలి యొకటి, ఒంటరితనమువలని భయ మొకటి. ఇంటివారు తాళము వేసి వెళ్లిన కొలది నిమిషములకే తలుపును, కిటికీచెక్కను గీఱి కొఱికి, యాగక యేడ్చు కుక్క పొగరువలన నట్లు చేయుట లేదు, భయమువలన జేయుచున్నది. దానిని గొట్టుట జ్వరము వచ్చినవానిని గొట్టుటవంటిది. దానిని బశువైద్యునకు జూపవలెను. కొద్ది నిమిషములతో మొదలిడి, క్రమక్రమముగా నొంటరిగా నుండుట కలవాటు చేయవలెను.

ఇక మా యింట జరిగినదానిని జెప్పుటకు మాకు సిగ్గగుచున్నది. ఐనను జెప్పకున్న నీ వ్రాతకు విలువ లేదు. మా తాతగారినాటి టేకు పడకకుర్చీ యొకటి మా వసారాలో నుండెను. మేము లేని సమయమున మా కుక్కపిల్ల దాని చేతిని నమిలి పీచుపీచు గావించెను. మేము సాయంకాల మింటికి వచ్చి, పిల్లను మెడపట్టి యీడ్చి తెచ్చి, కుర్చీని జూపి, బెత్తముతో గొట్టితిమి. మఱునాడు మేము గడప ద్రొక్కగనే అది తోక ముడుచుకొని మంచము క్రింద దూరెను. "చూచితిరా! దానికి దన తప్పు దెలిసినది" అని మేము గర్వముతో బలికితిమి. మా చిన్నవాడు వెళ్లి కుర్చీలను, బల్లలను, చెప్పులను వరుసగా జూచి వచ్చి, "నేడిది యేమియు గొఱుకలేదు నాన్నగారూ, మఱి యెందుకు దాగినది?" అని యడిగెను. మాకు బదులు తోచలేదు.

ఆ ప్రశ్నకు బదులు శాస్త్రజ్ఞుల పరిశోధనలో దొరకినది. అమెరికా దేశమున అలెగ్జాండ్రా హొరొవిట్జు అను విదుషి 14 కుక్కలను బరీక్షించి 2009వ సంవత్సరమున దన ఫలితములను బ్రకటించెను. యజమాని తినవలదని చెప్పి వెళ్లిన పదార్థమును గుక్క తిన్నను తినకున్నను, యజమాని తిరిగివచ్చి గద్దించినప్పుడు దానియందు మనము 'తప్పుచేసిన చూపు' అనుకొనునది యెక్కువగా గనబడెను. తినకయే తిట్లు పడిన కుక్కలయం దది మఱింత ప్రబలముగా గనబడెను. కాబట్టి ఆ చూపు పశ్చాత్తాపము గాదు. మన కోపమునకు జడియుట మాత్రమే. మధ్యాహ్నము కొఱికినదానికి సాయంకాలము కొట్టిన, కుక్క యా రెంటికి ముడివేయజాలదు. ఇంటి యజమాని వచ్చుట యపాయకరమని మాత్రము నేర్చుకొనును. మా కుక్కపిల్లకు మేము నేర్పిన పాఠ మదియే.

మహాభారతము ఆదిపర్వమున సరమ యను దేవతాశునకము కథ గలదు. నన్నయయు దెనుగున దానిని జెప్పెను. యాగశాలయొద్దకు వచ్చిన సరమ కుమారుని, ఏ తప్పును జేయకున్నను, జనమేజయుని తమ్ములు కొట్టిరి. అది యేడ్చుచు దల్లికి జెప్పగా, సరమ రాజునొద్దకు వచ్చి యాయన్యాయమునుగూర్చి నిలదీసెను. అంతటి మహాగ్రంథము మొదటనే యొక కుక్కపిల్ల దెబ్బలకు న్యాయ మడుగబడుట చిన్న సంగతి గాదు. సరమ యడిగిన ప్రశ్నయే మా చిన్నవాడు మమ్ము నడిగెను.

"బెత్తము లేక బాలునికే చదువు రాదు, కుక్కకు వచ్చునా?" యని కొందఱు పెద్దలు మమ్ము నడుగుదురు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము పాఠశాలలో బిల్లలను గొట్టుటను నిషేధించినది. భయము నేర్పునది దాగుటనే గాని సత్ప్రవర్తనమును గాదని బాలుర విషయమున నంగీకరించిన మనము, మాటలాడజాలని జంతువు విషయమున నేల యంగీకరింపరాదు?

మఱి యేమి చేయవలెను? మేము చేసి చూచినవానిని జెప్పెదము. మొదటిది, కొఱుకరాని వస్తువులను అందకుండ నుంచుట. చెప్పులు, పుస్తకములు, మందులు, ముఖ్యముగా విద్యుత్తు తీగలు కుక్కపిల్ల నోటి కందరాదు. తీగను గొఱికిన బ్రాణమునకే ముప్పు. ఎవరును గనిపెట్టి యుండలేని వేళ దానిని సామానులు లేని యొక గదిలో నుంచవలెను. రెండవది, దాని సొంత వస్తువు దాని కిచ్చుట. గట్టి రబ్బరు బొమ్మ, ముళ్లువేసిన లావుపాటి త్రాడు, మెలిపెట్టి ఫ్రిజ్జులో జల్లార్చిన తడిగుడ్డ యిందులకు దగును. పాత చెప్పు మాత్రము వలదు. ఏది పాతదో యేది క్రొత్తదో దానికి దెలియదు. వండిన యెముకలును వలదు. అవి చీలికలై గొంతులోను బ్రేగులలోను గ్రుచ్చుకొనును.

మూడవది, కొఱుకుచుండగా జూచినప్పుడు కేకలు వేయక, వెంట దఱుమక, దాని వస్తువును జూపి మార్చుట. తఱిమిన దాని కది యాటయగును. తన వస్తువును నోట బట్టగనే మెచ్చుకొని యించుక తిండి పెట్టవలెను. నాలుగవది, ఉదయ సాయంకాలములందు దానిని ద్రిప్పుట. అలసిన కుక్క నిద్రించును. అలయని కుక్క కుర్చీని వెదకును. కుర్చీకోళ్లకు వేపాకు ముద్ద పూయువారును గలరు. చేదు కొంతవఱకు దూరముంచునుగాని, కొఱుకుట కేమియు నీయక చేదును మాత్రము పూసిన, కుక్క పూయని కోటికి బోవును. వీనినెల్ల నింటిలోని వారందఱు నొక్కతీరున బాటింపవలెను. తండ్రి వలదన్నదానిని బిల్లలు నవ్వుచు నిచ్చిన ఫలము లేదు.

మేమిట్లు మూడు నెలలు పాటుపడితిమి. ఆ నడుమ రెండు పర్యాయములు తప్పటడుగు పడెను. ఒక తలగడయు నొక చాపయు బోయెను. నాలుగవ నెలలో గొఱుకుట మానెను. మేము వచ్చునప్పుడు మంచము క్రింద దూఱుట మానుటకు మాత్ర మంతకంటె నెక్కువ కాలము పట్టెను. కుర్చీచేతిని మేము బాగుచేయింప లేదు; అది మా తప్పునకు గుఱుతుగా నట్లే యున్నది.

ఓపిక లేనివారు కుక్కపిల్లను దేకుండుటయే మేలు. తెచ్చి విడుచుట పాపమే గాక నేరము గూడ. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము పెంపుడు జంతువును నిష్కారణముగా విడిచిపెట్టుటయు, ఎల్లప్పుడు గట్టియుంచిన కుక్కకు దగిన వ్యాయామ మీయకుండుటయు శిక్షార్హములు. బాలబాలికలారా! వేసవి సెలవులలో బిల్లను దెమ్మని తలిదండ్రులను వేధించుటకు ముందు, తెల్లవాఱుజామున దానిని ద్రిప్పువా డెవడో నిర్ణయించుకొనుడు. తలిదండ్రులారా! కుర్చీ కొఱుకబడినప్పుడు బెత్తమును దీయుటకు ముందు, ఆ దినమున దానికి గొఱుకుట కేమి యిచ్చితిరో జ్ఞాపకము చేసికొనుడు. అందలముపై నెక్కించినవారు మనమే. కుచ్చుల జవాబుదారియు మనదే.