నీటి మీది వెలుగుకు కథ కావాలా?

మొన్న ఒక పెళ్ళిలో, భోజనాల పంక్తిలో, నా పక్కన కూర్చున్న పెద్దమనిషి అమెరికా ముచ్చట్లు చెబుతున్నాడు. కుమారుని ఇంట ఆరు మాసాలు ఉండి వచ్చినవాడట. "ఫ్లోరిడాలో ఆ డిస్నీవారి ఏనిమల్ కింగ్‌డమ్ ఉంది చూడండి, అందులో రాత్రిపూట చెరువు మీద ఏదో ప్రదర్శన ఉండేదండీ. తలా తోకా లేదు. కథ లేదు. తీసేసి మంచిపని చేశారు" అన్నాడు. నా చేతిలోని బూరె మళ్ళీ విస్తరిలోకి దిగింది. పంక్తిలో వాదం పెట్టుకోవడం మర్యాద కాదు గనుక ఊరకున్నాను. ఊరకుండడం వల్ల ఏర్పడిన ఋణాన్ని ఈ టపాతో తీర్చుకుంటున్నాను. ఆయన ఇది చదవడని తెలుసు. అలాంటి మాట అన్నవారు ఆయన ఒక్కరే కాదు గనుక, చదివే మిత్రులలోనే ఎవరికైనా ఇది తగలవచ్చు. తగిలితే వ్యాఖ్యల పెట్టె తెరిచే ఉంది.

ఆ ప్రదర్శన పేరు రివర్స్ ఆఫ్ లైట్. కాంతి నదులు అందాం. 1998లో తెరిచిన ఆ ఉద్యానంలో నిజమైన ఏనుగులూ పులులూ ఉన్నాయి. అందుచేత చాలాకాలం పొద్దుగుంకే వేళకే తలుపులు మూసేవారు. రాత్రి కూడా జనాన్ని నిలపాలన్న ఆలోచనతో ఈ ప్రదర్శనను తలపెట్టారు. 2016 ఏప్రిల్‌లో మొదలు కావలసినది సాంకేతికమైన చిక్కులతో వెనకబడి, 2017 ఫిబ్రవరి 17న మొదలయింది. జంతువులు బెదురుతాయి గనుక బాణసంచా నిషిద్ధం. ఉన్నవల్లా నీరు, దీపం, సంగీతం, చీకటి.

నేను 2018 మే నెలలో చూశాను. టాంపాలో ఉన్న మా అబ్బాయి తీసుకువెళ్ళాడు. పగలంతా నడిచి నడిచి మోకాళ్ళు మొరాయిస్తుండగా చెరువు గట్టున మెట్ల వంటి బల్లల మీద కూలబడ్డాము. చీకటి పడింది. నీటి మీద తామరపూలు వెలిగాయి. దీపాల పడవలు వచ్చాయి. ఇద్దరు మాంత్రికుల వంటి వేషధారులు శిష్యులతో వచ్చి చేతులు చాచారు. నీటి లోపలినుంచి తుంపర విసనకర్రలా పైకి లేచి తెరగా నిలబడింది. ఆ తెర మీద ఏనుగుల మంద నడిచింది. నడుస్తూ నడుస్తూ గాలి వీచినప్పుడు చెదిరి, గాలి ఆగినప్పుడు మళ్ళీ కూడుకుంది. పులి, ఏనుగు, తాబేలు, గుడ్లగూబ ఆకారాలలో నాలుగు పెద్ద లాంతర్లు నీటి మీద తేలుతూ వచ్చి రంగులు మార్చుకున్నాయి. (గుడ్లగూబను చూసి మా శ్రీమతి ముఖం తిప్పుకున్నది. అది లక్ష్మీవాహనమని వంగదేశంలో పూజిస్తారని చెప్పినా ఆమె సమాధానపడలేదు.) జంతువులు ఈ లోకం విడిచిన తరువాత ఆకాశంలో కాంతి నదులై ప్రవహిస్తాయన్నది అందులోని భావన. పావుగంటలో అంతా అయిపోయింది.

లేచి నడుస్తుంటే మా అబ్బాయి అన్నాడు: "బాగానే ఉంది కానీ నాన్నగారూ, ఇంతకీ కథేమిటి?"

ముందున్న కుటుంబం వాళ్ళ భాషలో వాళ్ళూ అదే అనుకుంటున్నారు. ఆ తరువాత కుతూహలం కొద్దీ ఆ ప్రదర్శన గురించి సందర్శకులు చెప్పుకున్న మాటలు ఎన్నో చదివాను. మెచ్చినవారు లేకపోలేదు. మెచ్చనివారి మాటలన్నీ కలిపి వడగడితే మిగిలేవి మూడే. కథ లేదు. మనకు తెలిసిన పాత్రలు లేవు. నెమ్మదిగా సాగింది. మూడవదానికి నేను జవాబు చెప్పను. పగలంతా ఒక సవారీ నుంచి మరొక సవారీకి పరుగెత్తి వచ్చినవాడికి తాబేలు నెమ్మదిగానే కనిపిస్తుంది. మొదటి రెండింటితోనే నా పేచీ.

కథ లేనిది ప్రదర్శన కాదని ఎవరు చెప్పారు? మన దగ్గర ఈ ప్రశ్న పుట్టి రెండు వేల ఏళ్ళ మాట. నాట్యశాస్త్రం నాలుగవ అధ్యాయంలో మునులు భరతుణ్ణి సరిగ్గా ఇదే అడిగారు. అభినయం ఉన్నది అర్థాన్ని తెలపడానికి గదా, పాటలోని అర్థంతో సంబంధం లేని ఈ నృత్తం ఎందుకు కల్పించారు అని. భరతుడు తడుముకోలేదు. నృత్తం ఏ అర్థాన్నీ ఆశించదని, శోభను కలిగిస్తుంది గనుకనే ఉన్నదని, లోకానికి అది స్వభావం చేతనే ఇష్టమని చెప్పాడు. తరువాత ధనంజయుడు దశరూపకంలో గీత గీసి మరీ చూపించాడు: భావాన్ని ఆశ్రయించినది నృత్యం, తాళలయలను ఆశ్రయించినది నృత్తం. కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలిచి జతులకు అడుగులు వేసే వేళ, "ఇంతకీ ఈ పళ్ళెం కథేమిటండీ" అని ఎవరూ అడగరు. జతిస్వరంలో సాహిత్యమే ఉండదు. విద్వాంసుడు తోడిని అరగంట ఆలపిస్తే అందులో ఎవరు ఎవరిని పెళ్ళాడారని అడిగినవాణ్ణి నేనింకా చూడలేదు. నీటికీ వెలుగుకూ మాత్రం ఈ మినహాయింపు ఎందుకు ఉండకూడదు?

ఇక తెలిసిన పాత్రల మాట. ఇక్కడ నా ప్రతివాదికి ఒక గొప్ప సాక్షి దొరుకుతాడు. దాచడం ధర్మం కాదు గనుక నేనే బోను ఎక్కిస్తాను. రామరాజభూషణుడు వసుచరిత్ర అవతారికలో కథావస్తువులను రత్నాలతో పోల్చాడు. కేవలం కవి పుట్టించినదాన్ని చేతితో చేసిన రత్నమన్నాడు. పూర్వకథ గనిలో దొరికిన రత్నం. పూర్వకథకు మంచి కవి కల్పన తోడయితే అది సానపట్టిన జాతిరత్నం. ఆ లెక్కన జనానికి ముందే తెలిసిన సింహమో ఎలుగుబంటో లేని ప్రదర్శన కృత్రిమ రత్నమే గదా అని అడగవచ్చు. అడిగితే రెండు జవాబులు. ఒకటి, పింగళి సూరన కళాపూర్ణోదయం ఆసాంతం కల్పితమే. అది గాజుపూస అనగల ధైర్యం ఎవరికుంది? రెండవది, రామరాజభూషణుడు చెప్పినది సానపట్టడం గురించి. అంటించడం గురించి కాదు. అంటిస్తే ఏమవుతుందో 2019లో చూశాను.

ఆ సంవత్సరం మే నెలలో యాజమాన్యంవారు సందర్శకుల అసంతృప్తికి తలవంచి ప్రదర్శనను మార్చారు. పేరుకు "వుయ్ ఆర్ వన్" అని తోక తగిలించారు. డిసెంబరులో మేము మళ్ళీ వెళ్ళేసరికి మాంత్రికులు లేరు. అవే తామరలు, అవే లాంతర్లు, అదే తుంపర తెర. ఆ తెర మీద సింబా మొదలైన సినిమా జంతువులు వచ్చి చేరాయి. చుట్టుపక్కల ఆనందధ్వానాలు వినిపించిన మాట నిజం. అబద్ధం చెప్పను. అయితే ఆ ధ్వానం ఎప్పుడు వచ్చింది? బొమ్మ కనబడిన క్షణాన వచ్చింది, మరుక్షణాన ఆగింది. గుర్తుపట్టడంలో ఒక సుఖం ఉంది. జాతరలో మన ఊరివాడు కనిపించినప్పటి సుఖం. దాన్ని రసమని పిలవడం మాత్రం న్యాయం కాదు. మొదటిసారి ఏనుగుల మంద గాలికి చెదిరినప్పుడు గట్టంతా నిశ్శబ్దమయింది. రెండవసారి ఆ నిశ్శబ్దం ఒక్కసారీ రాలేదు.

తెలిసిన పాత్రలుంటే చాలుననేవారికి ఇంకొక సంగతి గుర్తు చేయాలి. అసలు ప్రదర్శన ఆలస్యమైనందున 2016 వేసవిలో అదే చెరువు మీద జంగిల్ బుక్ పాటలతో ఒక తాత్కాలిక ప్రదర్శన హడావుడిగా పెట్టారు. అందరికీ తెలిసిన కథ, అందరికీ నోటికి వచ్చిన పాటలు. అదీ పెద్దగా మెప్పు పొందలేదు. అటువైపు అదే డిస్నీవారి ఎప్‌కాట్‌లో ఇల్యూమినేషన్స్ అనే ప్రదర్శన 1999 అక్టోబరు 1 నుంచి 2019 సెప్టెంబరు 30 వరకు ఇరవై ఏళ్ళు నడిచింది. మొదట నాలుగు మాటల స్వాగతం, చివర ఒక పాట, నడుమ వాద్యసంగీతం, అగ్ని, నీటి మీద తేలివచ్చే ఒక భూగోళం. ఎలుక లేదు, బాతు లేదు. ఆఖరి రాత్రి జనం కన్నీళ్ళు పెట్టుకున్నారు. అంటే ఆ జనమే, ఆ డబ్బులే, ఆ అలసిన కాళ్ళే, కథ లేనిదాన్ని ఇరవై ఏళ్ళు నెత్తిన పెట్టుకున్నాయి. అప్పుడు లోపం కథ లేకపోవడంలో ఉన్నదా?

లోపం వేరేచోట ఉంది. కాంతి నదులను ఎంత వెనకేసుకు వచ్చినా ఇది ఒప్పుకోవాలి. ఆ మాంత్రికులు రావడమే పెద్ద పొరపాటు. రంగస్థలం మీదికి మనిషి వచ్చి చేతులు చాచాడంటే ప్రేక్షకుడు "ఎవరివయ్యా నీవు" అనుకుంటాడు. మన వీధి భాగవతంలో కటికవాడు ఉన్నది ఆ ప్రశ్న అడగడానికే. అడిగితే పాత్ర తన ఊరూ పేరూ చెప్పుకుంటుంది. ఇక్కడ సూత్రధారుల వేషం కట్టి మౌనవ్రతం పట్టారు. కథ చెబుతామన్న సైగ చేసి చెప్పలేదు. నృత్తమైతే నృత్తమనే ఉండవలసింది. జనం అడిగిన ప్రశ్నకు అక్కడ బీజం ఉంది. మాంత్రికులను తీసివేసి ఊరుకుంటే సరిపోయేదాన్ని, వారిని తీసి సినిమా బొమ్మలను పెట్టారు.

మరొకటి. తుంపర తెర మీద బొమ్మను వెనకనుంచి వేస్తారు. నీటి బిందువులు తమ మీద పడిన వెలుగును ఎక్కువగా ముందుకే పంపుతాయి గనుక తెరకు ఎదురుగా కూర్చున్నవాడికి బొమ్మ నిండుగా కనబడుతుంది. పక్కకు కూర్చున్నవాడికి వెలవెలబోతుంది. గాలి ఎదురయితే బొమ్మ బదులు జల్లు ముఖాన పడుతుంది. "ఏమీ లేదు, దండగ" అని రాసినవారిలో తాను ఎక్కడ కూర్చున్నదీ, ఆ రాత్రి గాలి ఎటు వీచినదీ చెప్పినవారు బహు తక్కువ. హుస్సేన్ సాగర్ గట్టున లుంబినీ పార్కులో లేజర్ ప్రదర్శన చూసినప్పుడు నాకూ ఇదే జరిగింది. ఒక పక్కన కూర్చుని, ఇంటికి వచ్చి నలుగురికీ బాగోలేదని చెప్పాను. సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను.

అసలు సిగ్గుపడవలసినది మరొకటి ఉంది. "ఇంతకీ కథేమిటి" అన్న మా అబ్బాయి ఎనిమిది నుంచి పది వరకు నా తరగతిలోనే తెలుగు చదివాడు. ముప్పై మూడేళ్ళు నేను పిల్లల చేత చేయించినది ఏమిటి? పద్యం చదవగానే ప్రతిపదార్థం, తాత్పర్యం, సందర్భం. పరీక్షలో మార్కులు వాటికే. పద్యాన్ని గొంతెత్తి చదివి, ఆ నడకను, యతి దగ్గరి విరుపును చెవిలో నిలుపుకున్న పిల్లవాడికి నేను ఒక్క మార్కు వేయలేదు. వేయడానికి గడి లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో భారత పద్యాలను అర్థం చెప్పకుండా వారం రోజులు వట్టిగా చదివించాను. పిల్లలు మైమరచి చదివారు. తనిఖీకి వచ్చిన అధికారి "అర్థం చెప్పకుండా అరిపిస్తున్నారేమిటి మాష్టారూ" అన్నాడు. ఆనాటితో మానుకున్నాను. ఆయన మీద ఎంత కోపం ఉన్నా, మానుకున్నవాణ్ణి మాత్రం నేనే. పెళ్ళి పంక్తిలోని పెద్దమనిషి కూడా ఎవరో ఒక తెలుగు పండితుని శిష్యుడే అయి ఉంటాడు.

2020 మార్చిలో మహమ్మారి కారణంగా ఆ ఉద్యానం మూతపడింది. జూలైలో తలుపులు తెరిచారు గానీ కాంతి నదులు ఇక తిరిగి రావని ప్రకటించారు. అలా మూడేళ్ళ పైచిలుకుతో దాని ఆయువు తీరింది. సందర్శకులకు నచ్చక ఆగిపోయిందని అనేవారున్నారు. సందర్శకులకు నచ్చేట్టు మార్చిన తరువాత ఏడాదికే ఆగిపోయిందని నేనంటాను.

ఆ 2018 మే రాత్రి అప్పటికి ఆరేళ్ళున్న మా మనుమరాలు నా పక్కనే ఉంది. తండ్రి కథ ఏమిటని అడిగినప్పుడు అది వినిపించుకోలేదు. కారెక్కిన తరువాత, నిద్రకు ముందు, "తాతయ్యా, గాలి వచ్చినప్పుడు ఏనుగులు ఎక్కడికి వెళ్ళాయి?" అని అడిగింది. నేను తాత్పర్యం చెప్పబోయి, ఆపుకుని, "నువ్వు చెప్పు" అన్నాను. అప్పటికే అది నిద్రపోయింది.

2017, 2020 నడుమ ఆ గట్టున కూర్చుని చూసిన మిత్రులెవరైనా ఉంటే, మొదటి రూపాన్ని చూశారా రెండవదాన్నా, తెరకు ఎదురుగా కూర్చున్నారా పక్కకా, ముందు అది చెప్పి ఆ తరువాత నన్ను తిట్టవలసిందిగా ప్రార్థన.